ముందు ఒంటరిగా.. తర్వాత జట్టుగా!

ఎంబీబీఎస్‌ చదువుతున్నారా? హాస్టల్‌ గదిలో నలుగురూ కలిసి చదువుతుంటే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. తీరా పరీక్ష హాల్లో పెన్ను కదలదు. పక్కవాళ్లకు తెలిసింది మనకూ తెలుసనుకోవడమే చిక్కు.

దీనికి విరుగుడు ‘టీమ్‌ బేస్డ్‌ లెర్నింగ్‌’. 1970ల చివర్లో అమెరికాలోని ఓక్లహోమా యూనివర్సిటీలో బిజినెస్‌ ప్రొఫెసర్‌ ల్యారీ మైకేల్‌సన్‌ రూపొందించిన ఈ పద్ధతిని తర్వాత మెడికల్‌ కాలేజీలూ అందిపుచ్చుకున్నాయి. మన దగ్గరా 2019 నుంచి ఎంబీబీఎస్‌ సిలబస్‌లో స్వీయ అభ్యసనానికి గంటలు కేటాయించారు. వాటిని ఇలా వాడుకోండి.

• ఐదారుగురు కలిసి ఒక టాపిక్‌ ఎంచుకోండి. రక్తహీనత అనుకుందాం. ఎవరికి వారు చదివి రండి.

• 10 ఎంసీక్యూలకు విడివిడిగా జవాబులివ్వండి. ప్రతి జవాబు పక్కన ‘కచ్చితం’, ‘అనుమానం’, ‘గుడ్డిగా’.. ఏదో ఒకటి రాయండి. గూగుల్‌ ఫామ్‌లో సబ్‌మిట్‌ చేస్తే మళ్లీ దిద్దే వీలుండదు.

• అవే ప్రశ్నలకు చర్చించి, అందరూ కలిసి ఒకే జవాబు తేల్చండి. ‘ఎందుకు’ అన్నది చెప్పాల్సిందే.

• ఆ తర్వాతే కీ చూడండి.

‘కచ్చితం’ అని రాసి తప్పిన ప్రశ్నలే మీ అసలు సిలబస్‌. తెలియని డోసును డాక్టర్‌ పుస్తకం తీసి చూసుకుంటారు. తెలుసనుకున్నది చూసుకోరు. ప్రమాదం అక్కడే! గ్రూపు మార్కులు చూసి మురిసిపోకండి. రేపు నైట్‌ డ్యూటీలో రోగి దగ్గర మీరొక్కరే ఉండాల్సి రావచ్చు.