ఊరుమ్మడి తాళానికి కావలి ఎవరు?

మనియార్డరు కట్టుటకు పోస్టాఫీసు ముందు వరుసలో నిలిచిన రోజులు మన పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటవి. నేడు బరంపురంలోని తండ్రి బెంగుళూరులో చదివే కొడుక్కు అరచేతిలోని ఫోనుతోనే సొమ్ము పంపుతున్నాడు. దారిలో ఎవరి కంటా పడకుండా ఆ సొమ్ము చేరుతున్నది. మరి దానికి తాళం వేసినదెవరు? ఆ తాళం చేసినవారికి కూలి యిచ్చినదెవరు? మా సంఘంలో ఒక పెద్దాయన ఈ ప్రశ్న వేశారు. మాది గుమాస్తా చదువు. అయినా కంప్యూటరు ఉద్యోగం చేసే మన పిల్లలను అడిగి, చదివి, తెలుసుకున్నంతవరకు విన్నవిస్తున్నాము.

ఇల్లు కట్టే మేస్త్రి తాళం కప్పను తానే చేసుకోడు. బజారులో కొని తలుపుకు తగిలిస్తాడు. ప్రోగ్రాము వ్రాసేవారూ అంతే. మాటను రహస్యలిపిలోకి మార్చే లెక్కలు కష్టమైనవి. ఒక్క పొరపాటు జరిగినా తాళం ఊడి చేతికి వస్తుంది. అందుచేత ఆరితేరినవారు వ్రాసిపెట్టిన భాగాన్ని తెచ్చి తమ ప్రోగ్రాములో అమర్చుకుంటారు. దానినే లైబ్రరీ అంటారు. ఇందులో పుస్తకాలుండవు, పనిముట్లుంటవి. ఆ పనిముట్టు లోపలి కట్టడం అంతా తెరచి చూపి, ఎవరైనా వాడవచ్చును, దిద్దవచ్చును అని విడిచిపెడితే అది ఓపెన్ సోర్సు.

తాళం గుట్టు విప్పితే దొంగకు సులువు గదా అని మాకూ సందేహం కలిగింది. కాని రహస్యం ఉండవలసినది తాళంచెవిలో, కప్పలో కాదు. కప్పను పదిమంది విప్పి చూస్తే లోపం బయటపడుతుంది. చెవి మాత్రం ఇంటివారి దగ్గరే ఉంటుంది.

ఇటువంటి దానం ఒకటి 1995లో ఆస్ట్రేలియాలో మొదలైనది. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం గట్టి రహస్యలిపిని యుద్ధసామగ్రితో జమకట్టి, ఎగుమతికి ఆంక్షలు పెట్టింది. ఆస్ట్రేలియాలోని ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అనే ఇద్దరు స్వంతంగా ఒక లైబ్రరీ వ్రాసి లోకానికి ఉచితంగా యిచ్చారు. వారు వేరే ఉద్యోగానికి పోయిన తరువాత మరికొందరు ఆ పని అందుకొని, 1998 డిసెంబరులో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను పేరుతో విడుదల చేశారు. 2002లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ ఎలిప్టిక్ కర్వు పద్ధతి రహస్యలిపికి తాను వ్రాసిన భాగాన్ని దీనికి కానుకగా యిచ్చింది. పాత ఆర్.ఎస్.ఎ. పద్ధతిలో 3072 బిట్ల తాళంచెవి యిచ్చే బలాన్ని ఈ పద్ధతిలో 256 బిట్ల చెవియే యిస్తుంది. చిన్న యంత్రాలకు అది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

ఇట్లా అందరి సొమ్మై, ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అక్కడే అసలు కథ ఉన్నది.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు "ఉన్నావా?" అని ఒకటి పలుకరించి, "ఉంటే రామ అనే రెండక్షరాల మాట తిరిగి చెప్పు" అని అడిగే ఏర్పాటు ఒకటి వచ్చింది. జర్మనీలోని ఒక పరిశోధక విద్యార్థి దానిని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లో చేర్చుటకు వ్రాసి యిచ్చాడు. పరీక్షించినవారికీ లోపం కనబడలేదు. 2011 డిసెంబరు 31న అది లోపలికి చేరింది, మార్చి 2012లో విడుదలైనది. లోపమేమనగా, ఎవరైనా "రామ" అని పంపి, ఇది అరవైనాలుగు వేల అక్షరాలు అని బొంకితే, అవతలి యంత్రం లెక్కపెట్టి చూడదు. "రామ" తరువాత తన జ్ఞాపకంలో ఏమున్నదో అదంతా అప్పగించి వేస్తుంది. సంకేతపదాలు, తాళంచెవులు, ఏవైనా సరే!

ఇది చదివి మేము నవ్వలేకపోయినాము. కొలువులో చేరిన కొత్తలో ఒక బిల్లు అడుగున వేసిన మొత్తాన్ని కూడి చూడకుండా సంతకం చేసినవారము మేము. మేము చూచితిమి గదా అని పైవారు చూడలేదు. పైవారు చూస్తారు గదా అని మేము చూడలేదు. ఆడిటు వచ్చినప్పుడు గాని తేలలేదు. ఇందులో దొంగ ఎవరూ లేడు. కూడి చూచినవాడే లేడు.

ఆ లోపాన్ని గూగులులోని ఒకరు, ఫిన్లండులోని కోడెనోమికాన్ అనే సంస్థవారు వేరువేరుగా పట్టుకున్నారు. 2014 ఏప్రిల్ 7న దిద్దుబాటుతో సహా ప్రకటన వచ్చింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. ఈలోగా రెండేండ్లు గడిచినవి. ప్రకటన వెలువడిన కొద్దిరోజులలోనే కెనడా పన్నుల శాఖ నుండి సుమారు 900 మంది సాంఘిక బీమా సంఖ్యలు దొంగిలింపబడినవి.

అప్పుడు గాని లోకానికి తెలియలేదు, ఈ తాళం కాచుకొనే సంస్థకు ఏటా వచ్చే విరాళం సుమారు 2,000 డాలర్లేనని, పూర్తికాలం పనిచేసేవాడు ఒక్కడేనని. కోట్లకు పడగెత్తిన కంపెనీలు దానిమీద వ్యాపారం చేసుకుంటూ, కాచేవాని భోజనం సంగతి అడగలేదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరకే అన్నారా?

అదే నెల 24న లినక్సు ఫౌండేషను పెద్ద కంపెనీలను కూడగట్టి ఒక నిధి ప్రకటించింది. అందులోనుండి ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.కు ఇద్దరు పూర్తికాలపు పనివారికి జీతం ఏర్పడింది. ఓపెన్ బి.ఎస్.డి. వారు ఆ లైబ్రరీనే తీసుకొని, అక్కరలేని పంక్తులు వేలకొద్దీ కొట్టివేసి, లిబ్రె ఎస్.ఎస్.ఎల్. అను పేరుతో వేరు కాపురం పెట్టారు.

పూర్వం దక్షిణాదిని చెరువు పూడిక తీయుటకు ఊరివారందరూ పలుగూ పారా పట్టి కదలేవారు. దానిని కుడిమరామత్తు అనేవారు. చెరువు త్రవ్వించినవాని పేరు శాసనం మీద ఉండేది. పూడిక తీసినవారి పేర్లు ఎక్కడా లేవు. కాని నీరు నిలిచింది వారి చలవవల్లనే.

కంప్యూటరు ఉద్యోగాలలో ఉన్న మన అబ్బాయిలకు, అమ్మాయిలకు మేము చెప్పవచ్చిన మాట ఇదే. కొత్త లైబ్రరీ వ్రాసి యివ్వగల శక్తి అందరికీ ఉండదు. ఇతరులు వ్రాసినదానిని ఓపికగా చదువుట, పరీక్షించుట, లోపం కనబడితే ముందు కాపరులకు గుట్టుగా తెలుపుట, వాడే విధానం తేటగా వ్రాసిపెట్టుట, ఇవీ దానమే. మీ కంపెనీ ఉచితంగా వాడుకొనే పనిముట్టుకు ఏటా ఎంతో కొంత యిమ్మని పైవారిని అడుగుటకు వెనుకాడకండి.

తాళం చేసి యిచ్చినవానికి ఒక నమస్కారం. ప్రతిరాత్రి లేచి దానిని లాగి చూచేవానికి రెండు నమస్కారములు.