పేరు దాచుకున్న పాటగాళ్ళు

రాక్ సంగీతం అనగానే మన యువకులకు పెద్ద వేదికలు, రంగుదీపాలు, వేలాది జనం గుర్తుకు వస్తారు. ఇవేవీ లేకుండానే తయారైన ఒక ఆల్బమును పాఠకులకు పరిచయం చేయదలచాము.

సౌదీ అరేబియా తూర్పు తీరాన ఖోబర్ పట్టణంలో 2008లో కొందరు యువకులు ‘అల్ నమ్రూద్’ అనే బృందంగా ఏర్పడ్డారు. నమ్రూదు దైవాన్ని ధిక్కరించిన బాబిలోను రాజని పురాగాథ. వారు చేపట్టినది బ్లాక్ మెటల్, అనగా రాక్ సంగీతంలో మిక్కిలి కర్కశమైన శాఖ. ఇందులో గాయకుడు పాడడం కన్న గర్జించడమే ఎక్కువ. వారి తొలి పూర్తి ఆల్బం ‘అస్తఫ్హల్ అల్ థార్’ 2009లో వెలువడింది. పగ పెచ్చుమీరిందని దాని స్థూలార్థం.

ఆనాడు సౌదీలో సినిమాహాళ్ళు లేవు. మతాచార పోలీసులకు మనుషులను నిర్బంధించే అధికారం ఉండేది. దానిని 2016లో తొలగించారు. మతధిక్కారానికి మరణశిక్ష వరకు పడే దేశమది. కనుక సభ్యులు అసలు పేర్లు చెప్పలేదు, ముఖాలు చూపలేదు, స్వదేశంలో వేదిక ఎక్కలేదు. ఆల్బమును విడుదల చేసినది కెనడాలోని ఒక చిన్న సంస్థ.

సంగీతం మాత్రం వారి గడ్డదే. గిటారు హోరులో అరబ్బు మకాములను కలిపారు. మకాము మన రాగం వంటిది. ఉదాహరణకు హిజాజ్ అనే మకాములోని మొదటి నాలుగు స్వరాలు, మన పిల్లలు సరళీ స్వరాలు నేర్చే మాయామాళవగౌళలోని స రి గ మలకు బహు దగ్గర. హిజాజ్ అన్నది సౌదీ పడమటి సీమ పేరే. సాహిత్యమూ అరబ్బీయే.

ఆ భాష రాని విదేశీ మెటల్ శ్రోతలే వారిని ఆదరించారు. 2010లోను, 2012లోను, తరువాత కూడా ఆల్బములు వచ్చాయి. 2023 డిసెంబరులో అమెరికా బృందం మెటాలికా రియాద్ నగరంలో బహిరంగంగా వాయించింది. హోరుకు అనుమతి దొరికింది, ధిక్కారానికి దొరకలేదు.

వారి దైవధిక్కారం మన పాఠకులకు రుచించకపోవచ్చు. అయినా ఒక్కటి ఆలోచించండి. మన తాతలు తోటల్లో పాడిన పాటలకూ కర్తల పేర్లు మిగలలేదు. అవి ఎవరూ రాసిపెట్టక పోయాయి; వీరివి ప్రాణభయంతో దాగాయి. పరాయి భాషలో పాట వినోదంగా చెల్లిపోతుంది. ఇంటి భాషలో పాడినదానికి ఇంటివారికి జవాబు చెప్పుకోవాలి.