మూడు శాస్త్రములు, ఒక చదువు



ధాన్యమునకు ప్రభుత్వమువారొక ధర నిర్ణయించిరనుకొందము. ధర మిక్కిలి తగ్గినచో రైతు మరుసటి యేడు ఆ పంట తగ్గించును. మిక్కిలి హెచ్చినచో కొని తినువాని కడుపు నిండదు. ఇది అర్థశాస్త్రము. ధర నిర్ణయించు నధికారమెవరిది? దానిని మీరినవారిని అడుగువారెవరు? ఇది రాజనీతి. రైతు కష్టమునకును పేదవాని యాకలికిని దేనికెంత తూకమీయుట ధర్మము? ఇది తత్త్వవిచారము. ప్రశ్న యొక్కటియే, ముఖములు మూడు.

ఈ మూటిని కలిపి బోధించు పద్ధతి ఇంగ్లండునందలి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున 1920వ సంవత్సరమున నేర్పడెను. అంతకుముందచట మిక్కిలి గౌరవము పొందిన చదువు గ్రీకు, లాటిను భాషలను, ప్రాచీన చరిత్రను, తత్త్వమును ఆశ్రయించి యుండెను. దానిని గ్రేట్సు అనెడివారు. వర్తమాన లోకవ్యవహారమునకును అంతటి చదువు కావలెనని తలచి దీనిని నెలకొల్పి, మాడర్ను గ్రేట్సు, అనగా నవీన మహావిద్య, యనిరి.

చదువు మూడేండ్లు. మొదటి యేట మూడు శాస్త్రములును తప్పవు; పిమ్మట మూటినైనను, రెంటినైనను కొనసాగింపవచ్చును. విద్యార్థి వ్యాసము వ్రాసి, గురువు వేయు ఆక్షేపణలకు ఎదుట కూర్చుండి సమాధానము చెప్పవలెను. పూర్వపక్ష సిద్ధాంతముల తీరెరిగిన మనకిది వింత గాదు.

మన కౌటిల్యుడును విద్యలు నాలుగని చెప్పి, త్రయితోపాటు మూటిని పేర్కొనెను: తర్కతత్త్వవిచారమగు ఆన్వీక్షకి, కృషి, పశుపాలన, వాణిజ్యములగు వార్త, రాజ్యపాలనమగు దండనీతి. ఒకదాని నుండి మరియొకటి పుట్టెనని నా భావము గాదు. పాలకునకేమి తెలియవలెనను విచారణ రెండుచోట్లను ఇంచుమించుగా నొకే దారి పట్టినది.

హెరాల్డు విల్సను, ఎడ్వర్డు హీతు, డేవిడు కామెరాను, రిషి సునాకు అను బ్రిటిషు ప్రధానులును, పాకిస్తాను ప్రధానియైన బేనజీరు భుట్టోయును ఈ చదువు చదివినవారే. అందుచేతనే పాలకులందరు నొకే అచ్చున పోసినట్లగుదురనియు, మూటిలో దేనియందును లోతు చాలదనియు ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది గాదు. ఈ చదువే చదివిన లిజ్ ట్రస్సు 2022లో ప్రధాని కాగా, ఆమె ప్రభుత్వము తగిన ఆదాయమార్గము చూపక పన్నుల తగ్గింపును ప్రకటించెను. ప్రభుత్వ ఋణపత్రముల ధర పడిపోయెను. రెండు మాసములు నిండకమునుపే ఆమె పదవి వీడవలసి వచ్చెను.

కావున ఏ చదువును వివేకమునకు పూచీపడదు. ఈ చదువు నేర్పునది మూడు ప్రశ్నలను విడదీయకుండ అడుగుట. చెరువు మరమ్మతునకు గ్రామమువారు కూర్చుండినప్పుడును, ఖర్చెంత, అది యెవరిపై పడును, చేయించు నధికారమెవరిది, పంపకమున న్యాయమేది యని అడుగక తప్పదు. అందొక్కటి విడిచినను తీర్పు కుంటుపడును.