ఇమ్యునోథెరపీ – ఇంజక్షన్‌కు ముందు ఒక పరీక్ష

"డాక్టరుగారూ, క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ అని కొత్త ఇంజక్షన్ వచ్చిందట. పొలం అమ్మి అయినా నాన్నకు వేయిస్తాం." పెద్దప్రేగు క్యాన్సర్ వచ్చినవారి పిల్లలు ఇలా అడుగుతుంటారు. ప్రియమైన పాఠకులారా, పొలం అమ్మేముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

దేవుడు మన శరీరంలో కావలివారిగా టి-కణాలను ఉంచాడు. అవి మన శరీరాన్నే గాయపరచకుండా వాటికి బ్రేకులు కూడా ఉన్నాయి. క్యాన్సర్ కణం ఆ బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది. ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేకును వదిలిస్తుంది. ఈ విధానానికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈ మందు అందరికీ పనిచేయదు. మన కణాలలో జన్యువుల తప్పులను దిద్దే ఏర్పాటు ఒకటుంది. కొన్ని క్యాన్సర్లలో అది పాడైపోతుంది. తప్పులు పేరుకున్న ఆ కణాలను టి-కణాలు సులువుగా గుర్తుపడతాయి. పెద్దప్రేగు క్యాన్సర్‌లో ఈ మందు బాగా పనిచేసేది ముఖ్యంగా ఇలాంటివారికే. వీరు సుమారు 15 శాతం. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారిలో 5 శాతమే.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ వైద్యులు ఇలాంటి పురీషనాళ క్యాన్సర్ ఉన్న 12 మందికి డోస్టార్లిమాబ్ ఇచ్చి, 2022లో ఫలితాలు ప్రకటించారు. 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. కానీ వారంతా ముందుగా పరీక్ష చేసి ఎంపిక చేసినవారే.

ఆ పరీక్ష పేరు ఎం.ఎం.ఆర్. సాధారణంగా ముందు తీసిన బయాప్సీ ముక్క మీదే చేస్తారు. లోపం తేలితే అది వంశపారంపర్యమా అని కూడా అడగండి. అలాగైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా డాక్టరును కలవాలి.

లోపం లేదని తేలితే నిరాశపడవద్దు. ఆపరేషన్, కీమోథెరపీ ఎందరినో నిలబెట్టాయి. కొత్త మందు కోసం వాటిని వాయిదా వేయకండి. కడుపు, అన్నవాహిక క్యాన్సర్లలో కొందరికి ఈ మందును కీమోథెరపీతో కలిపి ఇస్తారు. క్లోమ క్యాన్సర్‌లో మాత్రం చాలామందికి దీనివల్ల మేలు కనబడలేదు.

మందు మొదలుపెట్టాక విరేచనాలు, ఆయాసం, కామెర్లు, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి. బ్రేకు వదిలిన టి-కణాలు ఒక్కోసారి మన అవయవాల మీదే పడతాయి. త్వరగా గుర్తిస్తే చాలావరకు అదుపు చేయవచ్చు.

ప్రార్థన చేయండి, ధైర్యంగా ఉండండి. పొలం కాగితాలు తీసేముందు, బయాప్సీ రిపోర్టు తీసుకొని డాక్టరు దగ్గరకు రండి.