తాత పెట్టెల హాలీ సిక్క నోటు ఉన్నదా?

బహదూర్‌పురా అంటే ఊర్లల్ల ఉండేటోళ్లకు జూ పార్కే యాదికొస్తది. ఆడికెంచి చార్మినార్ దిక్కు పోతే పాత నాణేలు, నోట్లు పరుసుకొని కూసునేటోళ్లు కండ్లవడ్తరు. ఉర్దూ పక్కన తెలుగు, మరాఠీ, కన్నడం గూడ ఉన్న నోటు అండ్ల కనవడ్తే జర ఆగుండ్రి. అది నిజాం నోటు. మన తాతలు హాలీ సిక్క అన్నది దీన్నే.

మొదటి ప్రపంచ యుద్ధంల వెండికి కరువొచ్చింది. రూపాయంటే అప్పుడు వెండి బిళ్లనాయె. గందుకే 1918ల చట్టం చేసి 10, 100 రూపాయల కాయిదం నోట్లు తీసిన్రు. 1926ల వెయ్యి నోటు గూడ వచ్చింది. ఇంగ్లీషోళ్ల రూపాయిని కల్దారు అనేటోళ్లు, ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. పోలీస్ యాక్షన్ అయినంక గూడ హాలీ కొన్నేండ్లు నడిచింది.

నోట్లు మొదట్ల లండన్‌ల అచ్చయి ఓడల మీద వచ్చేటియి. 1922 మే 20న ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ ఒడ్డు దిక్కు పొగమంచుల ఇంకో ఓడ తాకి మునిగింది. బంగారం, వెండితోని పాటు నిజాం నోట్లు గూడ సముద్రంల పడ్డయి. పదేండ్లకు ఇటలీ గజ ఈతగాండ్లు బంగారం తీస్తుంటే సంతకం పడని ఆ నోట్లు కొన్ని పైకొచ్చినయి! సేకరించేటోళ్లు గివాటి కోసమే తండ్లాడ్తరు.

అమెరికాల 1863 నుంచి 1935 దాకా ఊరూరి బ్యాంకులు తమ పేరు మీద నోట్లు తీసినయి. ఆడ సొంతూరి బ్యాంకు నోటు దొరికితే పండుగే. మనకాడ ఊరి పేరు ఉండదు, గందుకే సంతకం చూస్తరు. 1940లల్ల నిజాం ఆర్థిక మంత్రిగ సంతకం పెట్టిన గులాం మహమ్మద్, తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయిండు.

ఇగ అసలు ముచ్చట. ‘ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తం’ అని ఫోన్ల వస్తది సూడు, అది ఉత్త మోసం. ముందుగాల టాక్సు కట్టు, కమీషన్ పంపు అంటరు, పంపినంక ఫోన్ బంద్. తమ పేరు చెప్పి ఎవలన్న పైసలడిగితే నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టుల చెప్పింది. నిజంగ కొనేటోడు నోటు చూసి పైసలిస్తడు గని నిన్ను అడుగుతడా?

నీ దగ్గర నోటు ఉంటే కడగకు, ఇస్త్రీ చెయ్యకు, లామినేషన్ అసలే వద్దు. మడత విప్పి ప్లాస్టిక్ కవర్ల పెట్టు. అమ్మాలనుకుంటే ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపియ్యి, ఒక్కడు చెప్పిన ధరకే ఇచ్చి రాకు.