పెళ్ళిపందిట్లో ఊదాపూలు

ఊదా ఛాయలకు ఆంగ్లంలో ఉన్న పేర్లను తెలుగు చేయబోయినప్పుడు ఒక విశేషం బయటపడుతుంది. వయొలెట్, లావెండర్, లైలాక్ అన్నవన్నీ మొదట పూల పేర్లు. తర్వాతనే రంగుల పేర్లయ్యాయి. మావ్ అన్న మాట కూడా ఫ్రెంచి భాషలో ఒక పూలమొక్క పేరే. తెలుగువారు మాత్రం ఈ రంగును కూరగాయల మడిలోను, పండ్ల గంపలోను చూశారు. మనం వంగపండు రంగు అంటాం, నేరేడుపండు రంగు అంటాం. చీర కొనేటప్పుడు ఈ మాటలు చక్కగా సరిపోతాయి. చిక్కల్లా పూలు కొనేటప్పుడే.

పెళ్ళికూతురు "నాకు ఊదాపూలు కావాలి" అనగానే ఇంట్లో మూడు సందేహాలు పుడతాయి. శుభకార్యానికి అంత ముదురు రంగేమిటని తల్లి సందేహం. ఖర్చెంత అవుతుందోనని తండ్రి సందేహం. ఏ ఊదా కావాలంటున్నారో తెలియక పూలవర్తకుని సందేహం. ఈ ముగ్గురిలో ఎవరి ప్రశ్నా తీసివేయదగింది కాదు.

శుభమా, అశుభమా?

నలుపు శుభకార్యాలకు పనికిరాదన్న పట్టింపు మనలో బలంగా ఉంది. ముదురు ఊదా ఆ నలుపుకు పొరుగున ఉండడమే పెద్దల శంకకు కారణం. కాని ఈ రంగుకు ప్రణయంతోను, పరిణయంతోను చుట్టరికం లేకపోలేదు. పశ్చిమ కనుమలలో పన్నెండేళ్ళకొకసారి పూచే నీలకురింజిని మురుగన్ వల్లిని పెళ్ళాడిన వేళ మాలగా ధరించాడని తమిళనాట చెప్పుకుంటారు. సంగకాలపు కవులకు కురింజి కొండనేలలో ప్రేమికుల కలయికకు సంకేతం. మున్నారు కొండలు 2018లో ఆ పూలతో నిండిపోయాయి.

ఇంగ్లండులో 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు క్వినైన్ తయారు చేయబోయి, అనుకోకుండా ఒక ఊదారంగు అద్దకాన్ని కనుగొన్నాడు. అదే తర్వాత మావ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. 1858లో విక్టోరియా రాణి తన పెద్దకుమార్తె వివాహానికి ఆ రంగు దుస్తులే ధరించింది.

మన పెళ్ళిలో అక్షతలు పసుపు, తలంబ్రాలు పసుపు, మంగళసూత్రపు దారం పసుపు. రంగుల శాస్త్రం ప్రకారం ఊదాకు ఎదురుగా నిలిచి దాన్ని బాగా వెలిగించేది పసుపే. కాబట్టి సంప్రదాయంలో దేన్నీ తొలగించనక్కరలేదు. ఉన్న పసుపు పక్కన ఊదాను నిలిపితే చాలు.

దీపాల వెలుగులో

అయితే తల్లి సందేహంలో కొంత నిజమూ ఉంది. ఊదాపువ్వు నీలపు కాంతిని, ఎరుపు కాంతిని కలిపి మన కంటికి పంపుతుంది. పచ్చని దీపాలలో నీలపు పాలు తక్కువ. అందువల్ల పగలు అంగడిలో నిగనిగలాడిన ముదురు ఊదా, రాత్రి పందిట్లో గోధుమ వన్నెకు దిగి, దూరాన కూర్చున్న బంధువులకు నల్లగానే కనిపిస్తుంది. మన ముహూర్తాలలో ఎన్నో అర్ధరాత్రివి, తెల్లవారుజామువి. కనుక పూలను ఎంచేముందు, మండపంలో వెలిగించబోయే దీపం వంటిదాని కిందనే వాటిని చూడాలి. రాత్రి పెళ్ళికి లేత ఊదా మేలు. ముదురు పూలే కావాలంటే మధ్యమధ్య మల్లెలో, తెల్ల చామంతులో కూర్చాలి.

ఏ మాసానికి ఏ పువ్వు?

ముహూర్తం మార్గశిరంలోనైతే డిసెంబరాలు ఉన్నాయి. వీటికి వాసన లేదు; రేకులు పలుచన, త్వరగా వాడిపోతాయి. దండలకు పనికిరావు గాని, కనకాంబరాలతోను, మరువంతోను కలిపి జడలో తురిమితే వాటి అందం వాటిదే. దండలకు ఆస్టర్ పూలు అనువైనవి. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన వంగడాలలో 'వయొలెట్ కుషన్' అనే ఊదారకం ఒకటి.

డెండ్రోబియం ఆర్కిడ్లు థాయ్‌లాండ్ నుంచి విమానాలలో వస్తాయి, కేరళలోనూ పెంచుతారు. కొమ్మను నీటిలో ఉంచితే వారానికి పైగా నిలుస్తుంది. వీటిని పందిరంతా పరచడం కన్నా, వధూవరుల వెనుకనో, దండ నడుమనో నాలుగు కొమ్మలు వాడితే డబ్బూ మిగులుతుంది, కన్నూ అక్కడే నిలుస్తుంది. ఒక హెచ్చరిక: గులాబీలకు మేలు చేసే శీతలపు పెట్టె ఉష్ణదేశపు ఈ ఆర్కిడ్లకు హాని చేస్తుంది. మరొకటి: పండుతున్న అరటి, మామిడి పండ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. దాని సోకున ఆర్కిడ్లు తొందరగా వాడి రాలిపోతాయి. పెళ్ళింట పూలబుట్టలూ పండ్లగంపలూ ఒకే గదిలో చేరడం మామూలే గనుక, ముందురోజు రాత్రి వాటిని వేరుచేయడం మరువరాదు.

వంగపండు తొక్కకు, నేరేడుకు, ఈ పూలలో చాలావాటికి రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు అనే ఒకే కుటుంబపు పదార్థాలు. పండును చూసి రంగుకు పేరు పెట్టిన మన పూర్వులు పొరబడలేదన్నమాట. ఈ పదార్థాలు ఆమ్లగుణాన్ని బట్టి వన్నె మారుస్తాయి. నీలి శంఖుపూల కషాయంలో నిమ్మరసం పిండితే కళ్ళముందే ఊదాగా మారుతుంది. పువ్వు వడలేటప్పుడు దాని కణరసం మారడం వల్లనే కొన్ని గులాబీల ఎరుపు నీలివన్నెకు తిరుగుతుంది.

వాడని ఊదా

ఆ మార్పుకు అంత సులభంగా లొంగని పువ్వు ఒకటి మన పెరళ్ళలోనే ఉంది. అది బొగడబంతి. మనం రేకులనుకునేవి నిజానికి కాగితంలా పొడిగా ఉండే రంగు పొరలు. అసలు పూలు వాటి నడుమ చిన్నవిగా దాగి ఉంటాయి. ఎండినా ఆ పొరల రంగు చాలాకాలం నిలుస్తుంది. నేపాలులో దీన్ని మఖమలీ అంటారు. అక్కడి తిహార్ పండుగ చివరినాడు, భాయీ టీకా వేళ, అక్కచెల్లెళ్ళు సోదరుల మెడలో వేసేది ఈ ఊదా మాలనే. ఈ పువ్వు వాడనట్లే తోబుట్టువు ఆయుష్షూ వాడకుండా ఉండాలని వారి కోరిక.

తండ్రికి భారం కాని పువ్వు ఇది. కొన్ని నెలల ముందు పెరట్లో విత్తనాలు చల్లుకుంటే ఇంటనే పూస్తుంది. సువాసన లేదు; ఆ లోటు తీర్చడానికి మల్లె ఉంది. పెళ్ళినాడు కట్టిన బొగడబంతి తోరణాన్ని నీడపట్టున వేలాడదీస్తే, కూతురూ అల్లుడూ మొదటి పండుగకు గుమ్మం తొక్కేనాటికి కూడా అది ఊదాగానే ఉంటుంది.