కళ్లెం ఎవరి చేతిలో?

గుడిమల్కాపూర్ అంటే పల్లె రైతులకు ముందుగా గుర్తొచ్చేది పూల మార్కెట్టు. బంతి, చేమంతి మూటలు దించుకునే ఈ పేటలోనే ఝాంసింగ్ బాలాజీ గుడి ఉంది. నిజాం అశ్వికదళంలో పనిచేసిన ఝాంసింగ్ కట్టించిన గుడి అది. పక్కనే మసీదు. పొరుగున మెహదీపట్నంలో నేటి సైనిక స్థావరం.

ఝాంసింగ్ కాలపు సైన్యం నవాబు మాట వినేది. ప్రజలకు జవాబు చెప్పుకోవలసిన పని దానికి లేదు. నేటి సైన్యం ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం మాట వినాలి. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి మిలిటరీ గవర్నరయ్యారు. ఆయన హయాంలోనే 1949లో జాగీర్లు రద్దయ్యాయి. పల్లెలకు అది మేలే.

కాని చేదు కూడా ఉంది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊళ్లు తిరిగి చూసింది. కొన్నిచోట్ల సైనికులే లూటీలను ప్రోత్సహించారనీ, హత్యల్లో పాల్గొన్నారనీ, మరికొన్నిచోట్ల ముస్లిములను కాపాడారనీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టుల కోసం సాగిన గాలింపుల్లో సామాన్య రైతులూ నలిగిపోయారు. సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది.

అయినా ఒక్క కట్టు తెగలేదు. చౌధురి ఢిల్లీలోని పౌర ప్రభుత్వానికి లోబడే పనిచేశారు. గద్దెను అంటిపెట్టుకోలేదు. 1950 జనవరి 26న సివిల్ అధికారి ఎం.కె.వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో ఎన్నికలు జరిగి, బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం వచ్చింది. సైన్యం గాలించిన నల్లగొండలోనే కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారు. తుపాకీ చూసిన జనమే ఓటుతో తమ మాట చెప్పారు.

పొరుగు దేశమైన పాకిస్తాన్‌లో 1958లో జనరల్ అయూబ్ ఖాన్ గద్దెనెక్కారు. ఇక్కడ చౌధురి 1962లో దేశ సైన్యాధిపతి అయినా రక్షణమంత్రి కిందే పనిచేసి, 1966లో పదవీ విరమణ చేశారు.

సరిహద్దులో ప్రాణం ఒడ్డే జవాను చాలా ఇళ్లలో కన్నబిడ్డే. అతనిపై గౌరవం వేరు, అధికారంపై అదుపు వేరు. గుర్రం ఎంత మేలుజాతిదైనా కళ్లెం రౌతు చేతిలోనే ఉండాలి. ఆ కళ్లెం వదులైన రోజున ముందుగా నలిగేది పల్లెలేనని 1948 చెబుతోంది.